ఇరవై ఆరు వారాలని రాశాను

నంద్యాలలో నర్సింగు చదివే పిల్లలు మొన్న వేసవిలో మా ఇంటికి వచ్చారు. ఆరుగురు. పుస్తకంలో లేనివి చెప్పండి మేడం, రాసుకుంటాం అన్నారు. గంటన్నర సేపు చెప్పాను. నరం దొరకని చేతికి సెలైను ఎట్లా ఎక్కించాలి, కడుపుతో ఉన్నామె కాళ్ళ వాపు ఎప్పుడు భయపడాల్సిన వాపు, కోపిష్టి డాక్టరు దగ్గర ఎట్లా నెగ్గుకురావాలి, ఇట్లాంటివి. వాళ్ళు రాసుకున్నారు, కాఫీ తాగి వెళ్ళారు. గేటు వేసి లోపలికి వచ్చి కూర్చున్నాక అర్థమైంది, చెప్పాల్సింది మాత్రం చెప్పలేదని.

అందుకని రాస్తున్నాను. నేను పనిచేసింది ముప్పై మూడేళ్ళ రెండు నెలల పదకొండు రోజులు. మొదటి పన్నెండేళ్ళు నంద్యాలలో, మిగతాది ఆళ్ళగడ్డలో. బదిలీలు, ప్రమోషన్లు, సన్మానంలో కప్పిన శాలువా గురించి రాయను. అవి ఎవరికీ పనికిరావు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అది ఎనిమిది వారాల తప్పు.

వేళ్ళ లెక్క

నంద్యాలలో నాకు పని నేర్పింది మా హెడ్ సిస్టరు. సన్నగా, పొడుగ్గా ఉండేది. నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆమె నేర్పిన మొదటి విద్య గర్భం ఎత్తు చూడటం. అరచేతి అంచు పొట్ట మీద ఆనించి పైనుంచి కిందికి జరుపుతూ పోతే ఒక చోట గర్భసంచి అంచు తగులుతుంది. అది బొడ్డు దాకా వచ్చి ఉంటే ఇరవై నాలుగు వారాలు. బొడ్డు దాటితే వేలుకు ఒక వారం చొప్పున కలుపుకోవాలి. స్కానింగు మిషన్లు అంతగా లేని రోజులు. మాకు బొడ్డే మైలురాయి.

ఆడవాళ్ళు తేదీలు మరిచిపోతారు, సిగ్గుపడి మార్చి చెప్తారు, నువ్వు మాత్రం నీ వేళ్ళనే నమ్ము అని ఆమె అనేది. నేను నమ్మాను. ఇంటికి వెళ్ళి కూడా లెక్కలు వేసుకునేదాన్ని. చూసిన ప్రతి గర్భిణి పేరు, నేను చెప్పిన వారాలు, ఆ తర్వాత నిజంగా కాన్పు అయిన తేదీ ఒక నోటుపుస్తకంలో మూడు గడులుగా రాసుకునేదాన్ని. మూడో ఏడాది నుంచి నా లెక్క వారం కంటే ఎక్కువ తప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

ఒకసారి నంద్యాలలో పెద్ద ఇంటి కోడలికి నెలలు నిండాయని ఆపరేషనుకు అంతా సిద్ధం చేశారు. నేను చెయ్యి పెట్టి చూసి, ఇంకా నాలుగు వారాలు ఆగాలి డాక్టరుగారూ అన్నాను. ఆయన విసుక్కున్నాడు గానీ ఆగాడు. ఇరవై తొమ్మిదో రోజున నొప్పులు వచ్చాయి. ఆ తర్వాత డాక్టర్లే నన్ను పిలిచి చూడమనేవాళ్ళు. ఆళ్ళగడ్డకు నా కంటే ముందు నా పేరు చేరింది. సిస్టరమ్మ లెక్క తప్పదు అనేవాళ్ళు.

ఉద్యోగంలో చేరే పిల్లలకు ఒక మాట. పేరు రావడం మంచిదే. అయితే పేరు వచ్చాక మనం కొలవడం తగ్గించి తీర్పు చెప్పడం మొదలుపెడతాం. నాకు అది ఏ ఏడాది మొదలైందో నా నోటుపుస్తకాల్లో కూడా లేదు.

మంగళవారం గది

ఆళ్ళగడ్డలో గర్భిణులను చూసేది మంగళవారాలు. ఒక గది, ఒక బల్ల, తలుపుకు ఒక పల్చటి కర్టెను. నలభై మందికి తక్కువ ఎప్పుడూ రారు. పల్లెల నుంచి ఆటోల్లో వచ్చి ఎండలో నిలబడి ఉంటారు.

మా వైపు ఆడవాళ్ళు లంగా బొందు గట్టిగా బిగించి రెండు ముళ్ళు వేస్తారు. అది విప్పడానికి ఒక నిమిషం, మళ్ళీ కట్టుకోవడానికి ఒక నిమిషం. నలభై మందికి ఎనభై నిమిషాలు. నేను ఆ ఎనభై నిమిషాలు మిగుల్చుకున్నాను. బొందు విప్పించేదాన్ని కాదు. లంగా కొంచెం కిందికి జరిపితే బొడ్డు కనబడుతుంది, బొడ్డు కనబడితే నా లెక్కకు అది చాలు. ఇద్దరు డాక్టర్లు ఇది చూసి మెచ్చుకున్నారు కూడా, సిస్టరు దగ్గర లైను ఆగదు అని.

అంటే దాదాపు ఇరవై ఏళ్ళు మంగళవారాల్లో నేను బొడ్డు కింద ఏముందో చూడలేదు.

సెప్టెంబరు 23

ఆ మంగళవారం ముప్పై ఒకటో మనిషిగా సువార్త వచ్చింది. ఇరవై రెండేళ్ళు. పుట్టిల్లు కొలిమిగుండ్ల పక్కన పల్లె. తల్లి నాపరాళ్ళ పాలిషు పనికి పోతుంది. అత్తగారిది ఆళ్ళగడ్డకు దగ్గరి పల్లె, మూడెకరాల సేద్యం ఉన్న క్రైస్తవ కుటుంబం. భర్త యోహాను ప్రైవేటు బడిలో లెక్కల మాస్టరు. వెంట వచ్చింది అత్త ఎస్తేరమ్మ. ఆమె కర్టెను అవతల బెంచీ మీద కూర్చుంది.

అది మొదటి పరీక్ష. నెలలు ఇంత గడిచేదాకా ఎందుకు రాలేదని అడిగితే సువార్త తల వంచుకుంది. ఆఖరుసారి నెలసరి ఎప్పుడని అడిగాను.

"మే ఇరవై సిస్టరమ్మా. బాగా గుర్తుండాది. మా పెండ్లయి పదమూడు దినాలకు."

మే ఇరవై నుంచి సెప్టెంబరు ఇరవై మూడుకు నూట ఇరవై ఆరు రోజులు, పద్దెనిమిది వారాలు. బల్ల ఎక్కమన్నాను. లంగా జరపమంటే ఆ పిల్ల పట్టుకున్న గుడ్డ వదలకుండా, బెత్తెడు మాత్రం కిందికి జరిపింది. అక్కడ ఒక గుంట కనబడింది. మామూలు కంటే కిందికి ఉందని ఇప్పుడు చెప్పగలను. ఆ రోజు నాకు అది బొడ్డే. చెయ్యి పెట్టి చూశాను. గర్భసంచి అంచు ఆ గుంటకు రెండు వేళ్ళు పైన తగిలింది.

"ఇరవై ఆరు వారాలు," అని పైకే అంటూ కార్డులో రాశాను.

కర్టెను అవతల నుంచి ఎస్తేరమ్మ గొంతు వినబడింది. "ఎన్ని నెల్లన్నెట్టు సిస్టరమ్మా?"

"ఆరు నిండినాయి."

 ఆమె కర్టెను జరిపి లోపలికి వచ్చింది. "పెండ్లయి నాలుగు నెల్ల పదారు దినాలే గదా అయ్యింది," అంది. నన్ను కాదు, కోడలిని చూస్తూ.

"ల్యా సిస్టరమ్మా," అంది సువార్త. "మే ఇరవయ్యే."

నేను ఏమన్నానో రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. "ఈ మాట నాకు శానామంది చెప్పినారు పాపా. నాకు పొట్ట చెప్పేదే లెక్క," అన్నాను. అని, ఇరవై ఆరు వారాలు వెనక్కి లెక్కగట్టి, ఆఖరు నెలసరి మార్చి ఇరవై ఐదని, కాన్పు తేదీ జనవరి ఒకటని నీలం ఇంకుతో తల్లీబిడ్డల కార్డులో రాసి సంతకం పెట్టాను. నా లెక్క ప్రకారం ఆ పిల్ల పెళ్ళికి నెల రోజుల ముందే కడుపుతో ఉంది.

మూత్రం పరీక్షకు సీసా ఇస్తే చిన్న గుడ్డసంచి ఒకటి చంకన పెట్టుకుని దొడ్డివైపు వెళ్ళింది. రావడానికి పావుగంట పట్టింది. ఇంతసేపా అని కసిరాను. సీసాలో నీళ్ళు మబ్బుగా, జిగురుగా ఉన్నాయి. వేడిచేసి చూస్తే తెల్లగా విరిగింది. అది బీపీకి గుర్తనుకుని ఉప్పు తగ్గించాలని రాశాను. ఎందుకు అంత మబ్బుగా ఉందని అడగలేదు. సంచిలో ఏముందని అడగలేదు. ముప్పై రెండో మనిషిని పిలిచాను.

ఖాయమే అన్నాను

ఎస్తేరమ్మ చదువుకున్న మనిషి కాదు గానీ తేదీలు చదవగలదు. ఆ కార్డు వాళ్ళ చర్చి సంఘ పెద్దల దాకా పోయింది. వాళ్ళ సంఘంలో ఒక కట్టడి ఉంది. పెళ్ళికి ముందు కడుపు వచ్చిందని తేలితే ఆలుమగలిద్దరికీ నెల మొదటి ఆదివారం ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, అంటే ప్రభు భోజనం, ఆపేస్తారు. వాళ్ళు వెనక చాప మీద కూర్చోవాలి. బిడ్డ పుట్టాక అందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే మళ్ళీ కలుపుకుంటారు. యోహాను తనకేమీ తెలియదని అన్నాడట. ఆ మాటతో నేరం మొత్తం ఆ పిల్ల మీద పడింది.

వాళ్ళ పాస్టరు అయ్యగారు నిదానస్తుడు. కార్డు చూసి నమ్మేయలేదు. అక్టోబరు మూడు, శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రికి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"అమ్మా, ఆ పాప తేదీ గురించి. మీ లెక్క ఖాయమేనా? తప్పయితే ఒక ఇల్లు నలిగిపోతాది."

ఆ పాప సంగతి ఆ పాపను అడగకుండా ఎవరికీ చెప్పకూడదు. అది మా చదువులో మొదటి పాఠం. నేను ఆ పాఠం నలుగురికి చెప్పినదాన్ని. అయినా ఆయన ముందు నిలబడి, "ఖాయమే అయ్యగారూ, ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నా," అన్నాను. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం వాళ్ళిద్దరినీ వెనక కూర్చోబెట్టారని మా ఆయా చెప్పింది. వినగానే నాకు అనిపించింది జాలి కాదు. నా మాటకు ఎంత విలువ ఉందో అని అనిపించింది. ఇది దాచిపెడితే ఈ రాతకు అర్థం లేదు.

అక్టోబరు ఏడు, మంగళవారం సువార్త ఒక్కతే వచ్చింది. లైనులో నిలబడకుండా గది తలుపు దగ్గర నిలబడింది. మనిషి చిక్కిపోయి ఉంది.

"సిస్టరమ్మా, ఆ తేదీ దిద్దండి."

"నేను రాసింది దిద్దను."

"మా ఆయన నాతో మాట్లాడటం ల్యా. లెక్కలు చెప్పేటోడు గదా. నీ మాటన్నా తప్పొచ్చు, ఆయమ్మ లెక్క తప్పదంటాండాడు." పొట్ట కింద చెయ్యి పెట్టుకుని, గొంతు తగ్గించి అంది. "సిస్టరమ్మా, నాకు పుట్టినప్పుడు ఈడ..."

"ఎప్పుడో పుట్టినప్పటి సంగతి ఇప్పుడెందుకమ్మా. బయట ముప్పై మంది నిలబడినారు," అన్నాను.

ఆమె చెయ్యి తీసేసింది. కార్డు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వాక్యంలో మిగిలింది నేను వినడానికి మూడు నెలలు పట్టింది, అది కూడా ఆమె నోటి నుంచి కాదు.

బిడ్డనే అనుమానించాను

తప్పు తెలుసుకోవడానికి నాకు దారి లేక కాదు. నెలలు ఎక్కువయ్యాక బొడ్డు నుంచి కాదు, రొమ్ము ఎముకకు ఎంత కింద ఉందో చూస్తాం. అట్లా నవంబరులో చూసినప్పుడు గర్భం నా తేదీకి తగ్గట్టు పెరగలేదు. డిసెంబరులో ఇంకా తేడా కనబడింది. నా లెక్కకు ముప్పై ఏడు వారాలైతే పొట్ట ముప్పై కూడా చూపించడం లేదు. ఇలాంటప్పుడు ఏ బుర్ర ఉన్న మనిషైనా ముందు తేదీని అనుమానిస్తుంది. నేను బిడ్డను అనుమానించాను. 'ఎదుగుదల తక్కువ' అని రాసి, సరిగ్గా తినడం లేదని ఆ పిల్లను తిట్టాను. నా నోటుపుస్తకంలో మూడు గడులుంటాయని చెప్పాను గదా. నేను తప్పు అయ్యుండచ్చు అని రాసుకునేందుకు గడి పెట్టుకోలేదు.

స్కానింగుకు రాసిచ్చాను, పోలేదు అని నన్ను నేను సమర్థించుకునేదాన్ని. నిజంగా ఆమె పోయింది. నంద్యాలలో స్కానింగు చోట, నీళ్ళు తాగి మూత్రం బిగబట్టుకో, మీ అత్తను కూడా లోపలికి పిలుస్తాం అన్నారట. భయపడి తిరిగి వచ్చేసింది. ఎందుకు భయపడిందో అడిగి ఉంటే అంతా అప్పుడే తెలిసేది.

జనవరి ఒకటి వచ్చింది, పోయింది. నొప్పులు రాలేదు. జనవరి ఆరు, మంగళవారం నా లెక్కకు నలభై ఒకటో వారం. తేదీ దాటింది, నొప్పులు తెప్పించవలెను అని చీటీ రాసి నంద్యాలకు పంపించాను.

ఆ చీటీని నమ్మే డాక్టరు ఎవరైనా అక్కడ ఉండి ఉంటే ఏమయ్యేదో మీరే లెక్క వేసుకోండి. నేను చాలాసార్లు వేశాను.

డాక్టరమ్మ ఫోను

అక్కడ ఉన్నది వయసులో నా కంటే పాతికేళ్ళు చిన్న డాక్టరమ్మ. నా పేరు ఆమె వినలేదు. అది ఆ పిల్ల అదృష్టం. గురువారం పొద్దున పదకొండుకు ఫోను చేసింది.

"మేడం, సువార్తను మీరు ఎన్నిసార్లు చూశారు?"

"ఐదుసార్లు."

"లంగా విప్పించి చూశారా?"

ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను.

"ఆమెకు బొడ్డు లేదు మేడం. మీరు కొలిచింది బొడ్డు నుంచి కాదు."

అప్పుడు ఆమె నిదానంగా చెప్పింది. సువార్త పుట్టినప్పుడే మూత్రాశయం పొట్ట లోపల మూసుకుని ఉండకుండా, పొత్తికడుపు మీద బయటికి తెరుచుకుని ఉంది. ముందువైపు కటి ఎముకలు కలవలేదు. బొడ్డు ఉండాల్సిన చోట లేదు. పుట్టిన మూడో రోజు నుంచి పదకొండేళ్ళ వయసు దాకా ఐదు ఆపరేషన్లు చేశారు. మూత్రాశయాన్ని మూసి లోపల పెట్టారు, అది చిన్నదైపోతే పేగు ముక్క అతికి పెద్దది చేశారు. పొత్తికడుపు మీద, బొడ్డు ఉండాల్సిన చోటికి బాగా కింద, గుంటలాగా చిన్న రంధ్రం పెట్టారు. నేను బొడ్డనుకుని కొలిచింది దాని నుంచే. నాలుగు గంటలకు ఒకసారి సన్న గొట్టం ఆ రంధ్రంలో పెట్టి మూత్రం తీసుకోవాలి. ఆ గుడ్డసంచిలో ఉన్నది ఆ గొట్టం. అతికిన పేగు జిగురు ఊరుస్తుంది, అందుకే సీసాలో నీళ్ళు మబ్బుగా ఉన్నాయి, అందుకే వేడిచేస్తే విరిగింది. ఆ జిగురుకు నేను ఉప్పు మాన్పించాను.

తల్లీకూతుళ్ళు ఇరవై రెండేళ్ళు ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు. పెళ్ళయ్యాక యోహానుకు ఒక్కడికే తెలుసు, మా అమ్మకు చెప్పొద్దులే అని అతనే అన్నాడట. అయితే ఆ గుంటకూ నా తేదీకీ సంబంధం ఉందని వాళ్ళిద్దరికీ ఎట్లా తెలుస్తుంది? తెలియాల్సింది నాకు.

స్కానింగులో ముప్పై మూడు వారాలు వచ్చింది. మే ఇరవై. ఆ పిల్ల చెప్పింది ఒక్క రోజు కూడా తప్పు కాదు.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఏమేం చూసుకోవాలో చెప్పింది, నేను రాసుకున్నాను. చదివే పిల్లలూ, మీరూ రాసుకోండి. ఇట్లా పుట్టినవాళ్ళకు గర్భం వస్తుంది, బిడ్డలు పుడతారు. మొదటి మూడు నెలల్లోనే స్కానింగుతో తేదీ తేల్చుకోవాలి, బొడ్డు లెక్క పనికిరాదు. మూత్రంలో చీము, జ్వరం త్వరగా వస్తాయి, జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మూత్రపిండాలు వాస్తున్నాయేమో చూస్తూ ఉండాలి. గర్భసంచి కిందికి జారే ప్రమాదం ఉంది, నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. కాన్పు ఎక్కడ, ఎవరు చేయాలి అనేది ముందే నిర్ణయించుకోవాలి. ఆపరేషను అయితే కాన్పుల డాక్టరు పక్కన మూత్రాశయం ఆపరేషన్లు చేసే డాక్టరు నిలబడాలి. తెలియనివాళ్ళు మామూలు చోట కోస్తే ఆ పిల్లకు పదకొండేళ్ళు కష్టపడి కట్టిన దారి తెగిపోతుంది.

ఇవన్నీ తెలియకపోవడం నా తప్పు కాదు. ముప్పై ఏళ్ళలో అట్లాంటి మనిషి నా దగ్గరికి రాలేదు. లేదా వచ్చిందేమో, నేను బొందు విప్పించలేదు.

ఒక్క మాట

ఇంతవరకు రాసింది పొరపాటు. దీని తర్వాతది పొరపాటు కాదు.

జనవరి పదమూడున సువార్త కార్డు తీసుకుని వచ్చింది. ఎస్తేరమ్మ బయట బెంచీ మీద ఉంది. సువార్త నా దగ్గరికి వంగి, మెల్లగా అడిగింది.

"నా సంగతి చెప్పొద్దు సిస్టరమ్మా. మీ లెక్క తప్పిందని మాత్రం మా అత్తకు చెప్పండి. ఒక్క మాట."

చెప్తానన్నాను. కర్టెను జరిపాను. ఎస్తేరమ్మ నా వైపు చూసింది. ఆమె వెనక ఇంకా ఇరవై మంది ఆడవాళ్ళు, ఇద్దరు ఆయాలు, కొత్తగా చేరిన నర్సు.

"స్కానింగులో వేరే తేదీ వచ్చింది," అన్నాను.

"మిషన్లకేముంది సిస్టరమ్మా," అంది ఎస్తేరమ్మ. "దుడ్లిస్తే ఏ తేదీ కావాలంటే ఆ తేదీ ఇస్తాయి. నీ చెయ్యి చెప్పింది నాకు సాలు."

అప్పుడైనా అనవచ్చు, నా చెయ్యి తప్పమ్మా అని. అనలేదు. కార్డులో పాత తేదీ కొట్టేయకుండా, దాని పక్కన 'స్కానింగు ప్రకారం ఫిబ్రవరి 27' అని రాసి ఇచ్చాను. నా తేదీ అట్లాగే ఉంది. చూసేవాళ్ళకు రెండు లెక్కలు, నచ్చింది నమ్ముకోవచ్చు. సువార్త దాన్ని చదివింది.  సంచి సర్దుకుని అత్త వెనకాలే నడిచింది.

ఆ రోజు ఎందుకు చెప్పలేకపోయానని చాలా ఆలోచించాను. భయం కాదు, ఉద్యోగం పోదు. ఆ కొత్త నర్సు వింటుందని. అంతే.

మార్చి 24

సువార్తకు కర్నూలు పెద్దాస్పత్రిలో ఫిబ్రవరి తొమ్మిదిన ఆపరేషను జరిగింది. ఇద్దరు డాక్టర్లు నిలబడ్డారు, పొట్ట పైభాగం నుంచి నిలువుగా కోశారు, ఆ రంధ్రం దారికి ఏమీ కాలేదు. ఆడపిల్ల. రెండు కిలోల ఏడు వందలు. తల్లి పదో రోజు నుంచి మళ్ళీ తనే గొట్టం పెట్టుకుంటోంది. ఇదంతా డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. నేను కర్నూలు పోలేదు.

మార్చి ఇరవై నాలుగు, మంగళవారం బాలింత పరీక్షకు వచ్చారు. అత్త చేతిలో బిడ్డ. మనవరాలిని బల్ల మీద పడుకోబెట్టి ఎస్తేరమ్మ నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. మామూలుగా అయితే నిలబడే మాట్లాడుతుంది.

"ఆపరేషనుకు ముందు దినం," అని మొదలుపెట్టింది. "బిడ్డకు నెల్లు నిండల్యా, జాగర్త అని డాక్టర్లంటాంటే, నిండకేం, ఎప్పుడో నిండినాయిలే అన్న్యా నేను. వార్డులో అందరూ వింటాండ్రి. నా కోడలు ల్యాసి నన్ను పక్క గదిలోకి పిల్చకపోయి తలుపేసి, నా ముందర గుడ్డ ఇప్పి నిలబడె. సూడు అత్తా, ఈడ నాకు బొడ్డు ల్యా, ఆయమ్మ యాడ్నుంచి కొలిసిందో నువ్వే సూడు అనె. ఇరవై రెండేండ్లు తల్లికి, మొగునికి తప్ప ఇంట్లో ఎవరికీ సూపని ఒళ్ళు."

నేను చేతులు కడుక్కుంటూ ఉన్నాను. నీళ్ళు ఆపలేదు.

"నువ్వు ఒక్క మాట చెప్పింటే సరిపోయుండె సిస్టరమ్మా. నీ లెక్క నిలబడేదానికి నా కోడలు గుడ్డ ఇప్పాల్సొచ్చె." మనవరాలి వైపు చూసింది. "నాదీ తప్పే. మొన్న ఆదివారం సంఘంలో ల్యాసి నిలబడి చెప్పినా, నా కోడలు చెప్పిన తేదీనే నిజం, నేనే నోరు జారినా అని. నీ పేరు తీయల్యా. మా ఇండ్లల్లో సగం కాన్పులు చేసిన చెయ్యి గదా అని."

వినడానికి ఆ గదిలో ఇంకెవరూ లేరు. ఉన్నా బాగుండేదనిపించింది.

సువార్త ఇంతసేపూ బిడ్డ కాళ్ళకు గుడ్డ చుడుతూ ఉంది. అయ్యాక కార్డు తీసి నా ముందు పెట్టింది. మడతలు పడి, అంచులు నలిగి ఉంది. కొత్త కార్డు రాసిస్తాను, పాతది తీసేద్దాం అన్నాను. పాప పెద్దయ్యాక చూడటం ఎందుకు అని.

"కొత్తది వద్దు," అంది. "ఇదే ఉండనీ. మీరు రాసింది మీరే కొట్టేయండి."

మార్చి ఇరవై ఐదు మీద గీత గీశాను. జనవరి ఒకటి మీద గీశాను. 'ఇరవై ఆరు వారాలు' మీద గీశాను. పక్కన ఉన్న 'స్కానింగు ప్రకారం' అనే మాటలు కూడా కొట్టేశాను. ఇక చాలా అన్నట్టు ఆమె వైపు చూశాను. ఆమె కార్డు వెనక్కి తీసుకోలేదు. అందుకని కింద ఖాళీ ఉన్న చోట రాశాను: 'ఆఖరు నెలసరి మే 20. తల్లి చెప్పినది సరైనది. నా కొలత తప్పు.' సంతకం పెట్టి, తేదీ వేశాను.

ఆమె అది రెండుసార్లు చదువుకుంది. కార్డు మడిచి, గొట్టం ఉన్న గుడ్డసంచిలో పెట్టుకుంది. దొడ్డివైపు పోయి రావడానికి టైము అయిందని అత్తతో పైకే చెప్పి, బిడ్డను ఆమెకు ఇచ్చి వెళ్ళింది. ఈసారి నేను గడియారం చూడలేదు.

వాళ్ళు పోయాక ఆ రోజు తేదీ నా నోటుపుస్తకంలో రాసుకుంటూ అలవాటు కొద్దీ లెక్క వేశాను. సెప్టెంబరు ఇరవై మూడు నుంచి మార్చి ఇరవై నాలుగు దాకా. సెప్టెంబరులో ఏడు రోజులు, అక్టోబరు ముప్పై ఒకటి, నవంబరు ముప్పై, డిసెంబరు ముప్పై ఒకటి, జనవరి ముప్పై ఒకటి, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, మార్చిలో ఇరవై నాలుగు. మొత్తం నూట ఎనభై రెండు. ఏడుతో భాగిస్తే శేషం లేదు.

ఇరవై ఆరు వారాలు. నా కొలత తప్పు అని మూడు మాటలు రాయడానికి నాకు పట్టిన కాలం అది. ఈ లెక్క మాత్రం తప్పలేదు, మూడుసార్లు సరిచూసుకున్నాను.